ఆటలో పైసా
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఉర్దూ మీడియం మాస్టరును. పగలంతా అలిఫ్, బే చెప్పే నోటికి తెలుగు ఉపన్యాసమంటే కొంచెం తడబాటే. అయినా కార్యదర్శి గారు, "మాస్టర్ సాబ్, ఉర్దూలో చెబితే మన పిల్లలు సగం మంది తలలూపుతారు గాని అర్థం చేసుకోరు, తెలుగులోనే చెప్పండి" అన్నారు. ఉర్దూ మాస్టరుగా ఆ మాట నాకు బాధ కలిగించేదే. కాని నిజం కనుక ఒప్పుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి నాకన్నా ముందు పెద్దలు చెప్పారు. నేను ఒక ఆట గురించి చెబుతాను. ఇంత పెద్ద సభలో ఆటేమిటని నవ్వకండి. ఆఖరిదాకా వినండి.

మా చెల్లెలి కొడుకు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. మొన్న ఎండాకాలం సెలవులకు వచ్చినప్పుడు ఒక కొత్త ఆట తెచ్చాడు. ఇషా నమాజు అయ్యాక మా మిద్దె మీద చాప పరిచి, వాడూ ఇంకో నలుగురూ కూర్చునేవారు. చేతిలో ఫోన్లు లేవు. కాగితాలు, పెన్సిళ్ళు, చింతగింజలంత పాచికలు. ఒక పాచికకైతే ఇరవై ముఖాలు! అర్ధరాత్రి దాకా ఒకటే నవ్వులు. ఏం చేస్తున్నారా అని ఒక రాత్రి వెళ్ళి మూలన కూర్చున్నాను.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కల్పించి 1974లో అచ్చువేశారు. ఒకడు కథ చెబుతాడు. మిగిలినవాళ్ళు ఆ కథలో తలా ఒక వేషం వేస్తారు. ఒకడు సిపాయి, ఒకడు మాంత్రికుడు, ఒకడు హకీము, ఒకడు దొంగ. "మీ ఎదుట పాడుబడ్డ కోట ఉంది, తలుపు వెనుక ఏదో గురక వినిపిస్తోంది, ఏం చేస్తారు?" అని కథకుడు అడుగుతాడు. వీళ్ళు చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. ఆడేవాళ్ళంతా ఒకే పక్షం. ఎదుటి పక్షం కథలోని ఆపదలే. కనుక వీడు గెలిచాడు, వాడు ఓడాడు అనే లెక్క చివర ఉండదు.

విన్నకొద్దీ నాకు ఆశ్చర్యం. ఇది మన దాస్తానే కదా! లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్ వారు 1880ల నుంచి అచ్చువేసిన తిలిస్మె హోష్‌రుబా లోకమే ఇది. అమర్ అయ్యార్ చంకలో జంబీల్ అనే సంచి ఉంటుంది, ఎంత వేసినా నిండదు. ఈ అమెరికా ఆటలోనూ చూడటానికి చిన్నదైనా లోపల ఎంతో పట్టే సంచి ఉంది. "ఒరే, ఇది మా తాతల కాలం నాటి సంచిరా" అంటే పిల్లలు నమ్మలేదు. మరునాడు బీరువాలోంచి పుస్తకం తీసి చూపించాను. వారం తిరగకుండా కథలోకి ఒక అయ్యారు వచ్చాడు. చదవమని పదేళ్ళుగా చెబుతుంటే ముట్టని పుస్తకం, ఆట పేరు చెప్పి తెరిచారు. ఆటలంటే చెడ్డవని నేను చెప్పబోవడం లేదని దీన్నిబట్టి మీకు తెలిసిపోయి ఉంటుంది.

మూడు వారాలు ఇలా గడిచాయి. తరవాత ఒకడికి బుద్ధి పుట్టింది. "ఊరికే ఆడితే ఏం మజా? పైసలు పెడదాం" అన్నాడు. తలా 200 రూపాయలు. నలుగురివి కలిసి 800, ఒక బిస్కెట్ డబ్బాలో. ఆట ముగిసేసరికి కథలో ఎవరి దగ్గర ఎన్ని బంగారు నాణేలు ఉంటే, ఆ లెక్కన డబ్బా పంచుకోవాలి. కథలో ఎవడైనా చస్తే వాడి నాణేలు బతికినవాళ్ళకు. కథ చెప్పేవాడు మా మేనల్లుడు కనుక వాడు పైసా పెట్టడు, పైసా తీసుకోడు. పైకి చూస్తే అంతా ధర్మంగానే ఉంది.

రెండో రాత్రే జరిగింది. సిపాయి వేషం వేసిన పిల్లవాడు కథలో వంతెన దాటుతూ లోయలో పడ్డాడు. పాచిక బాగా పడలేదు. హకీము దగ్గర రెండు సీసాల మందు ఉంది. అంతకుముందు మూడు వారాల్లో ఇదే హకీము తన ప్రాణానికి తెగించి ఈ సిపాయిని నాలుగుసార్లు బతికించాడు. ఆ రాత్రి మాత్రం నేల చూపులు చూసి, "నా మందు నాకు కావాలి" అన్నాడు. మాంత్రికుడు మాట్లాడలేదు. దొంగ నాణేలు లెక్కపెట్టుకుంటున్నాడు. సిపాయి చస్తే ముగ్గురికీ వాటా పెరుగుతుంది.

అప్పుడు అందరూ మా మేనల్లుడి వైపు చూశారు. కథ వాడి చేతిలో ఉంది. మామూలు రోజైతే "లోయలో ఒక చెట్టు వేరు చేతికి దొరికింది" అనేవాడు. అంతటితో పోయేది. ఆ రాత్రి అనలేకపోయాడు. ఎందుకంటారా? వేరు దొరికిందంటే ముగ్గురి పైసలు ఒకడికి ఇచ్చినట్టు. పైగా దొంగ వేషం వేసినవాడు వీడి చిన్నాన్న కొడుకు. దొరకలేదంటే తమ్ముడికి లాభం చేశాడంటారు. ఎటు చెప్పినా నింద. చివరికి పాచిక మీదే వదిలేశాడు. పాచికకు దయ ఎక్కడిది? సిపాయి చచ్చాడు.

ఆ పిల్లవాడు ఒక్క మాటా అనలేదు. లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. తరవాత తెలిసిన సంగతి చెబుతాను. మిగిలిన ముగ్గురి 200 ఇంట్లో అడిగితే వచ్చినవి. ఈ పిల్లవాడు సాయంత్రాలు మొబైల్ షాపులో పని చేస్తాడు. వాడి 200 వాడు నిలబడి సంపాదించుకున్నది. తలా సమానంగా పెట్టామని పిల్లలు అనుకున్నారు. అంకె సమానం గాని బరువు సమానం కాదు.

మరునాడు మా మేనల్లుడు నా దగ్గరికి వచ్చి, "మామూ, నేను అన్యాయం చేశానా?" అని అడిగాడు. "రూలు ప్రకారం చెయ్యలేదురా. కాని డబ్బా తెరిచిన రోజునే నీ చేతిలోంచి దయ పోయింది" అన్నాను.

సోదరులారా, నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. పందెం పెడితే ఆటకు పదును వస్తుందంటారు. వస్తుంది, కాదనను. కాని ఆ పదునుకు మొదట తెగేది దయ. పందెం లేనప్పుడు ఎదుటివాడి కష్టం మన కష్టం. పందెం పెట్టాక ఎదుటివాడి కష్టం మన ఆదాయం.

"చిన్న పందెమే కదా మాస్టర్ సాబ్, పేరుకి పెట్టుకున్నాం" అంటారు. పేరుకి పెట్టుకున్నవాళ్ళలో మీర్జా గాలిబ్ సాహెబు కూడా ఉన్నారు. ఆయనకు చదరంగం, చౌసర్ ఇష్టం. చౌసర్ ఆడితే నామమాత్రంగా ఏదో పందెం కాసేవారని ఆయన శిష్యుడు హాలీ 1897 నాటి యాద్గారె గాలిబ్‌లో రాశారు. 1847లో ఢిల్లీలో ఆయనను జూదం కేసులో పట్టుకుని ఆరు నెలల జైలు వేశారు. మూడు నెలలకు వదిలారు. కొత్వాలుకు ఆయనంటే గిట్టదని కూడా అంటారు, కావచ్చు. కాని ఆ మూడు నెలల్లో ఎంతోమంది అయినవాళ్ళు మొహం చాటేశారు. నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా మాత్రం ఆయన వెంట నిలబడి ఖర్చులు కూడా భరించారు. అంత పెద్ద కవికే ఎవరు స్నేహితులో ఎవరు కారో అంత కఠినంగా తెలిసివచ్చింది. పందెం నామమాత్రమే, శిక్ష మాత్రం నామమాత్రం కాదు.

మన దీన్‌లో జూదం హరామని ఇక్కడ అందరికీ తెలుసు. ఎందుకు హరాము అన్నది చాలామంది ఆలోచించరు. సూరా బఖరా 219వ ఆయతులో జూదంలో మనుషులకు కొంత లాభం ఉన్న మాటను కాదనలేదు, కీడు అంతకన్నా పెద్దదని మాత్రం చెప్పింది. సూరా మాయిదా 91వ ఆయతు అది మనుషుల మధ్య పగ, ద్వేషం పెడుతుందని చెబుతుంది, అల్లాహ్ స్మరణకు, నమాజుకు దూరం చేస్తుందని కూడా. చూడండి, అక్కడ మొదటి మాట డబ్బు నష్టం గురించి కాదు, మనుషుల మధ్య పగ గురించి. ఏ పందెం ఏ కోవలోకి వస్తుందో చెప్పడం ముఫ్తీ సాహెబు పని, నాది కాదు. నేను మిద్దె మీద చూసింది చెబుతున్నాను.

ఇక చట్టం సంగతి. ఆ ఆట అచ్చయిన 1974లోనే మన ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం కూడా వచ్చింది. అంతకుముందే 1967లో సికింద్రాబాదు క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అని చెప్పింది. ఆ నేర్పు మాట పట్టుకుని తరవాత ఫోన్లలో డబ్బు రమ్మీ వచ్చింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి దాన్ని నిషేధించాయి. 2025లో కేంద్రం చేసిన చట్టం నేర్పా, అదృష్టమా అన్న తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నిటినీ వద్దంది. కాని మిద్దె మీది బిస్కెట్ డబ్బాను చూసుకోవలసింది మనమే.

ఇంతవరకు మేనల్లుడి కథ చెప్పాను. నా కథ చెప్పకపోతే అది న్యాయం కాదు.

నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు మా గల్లీలో క్యారమ్స్ ఆడేవాళ్ళం. బోర్డుకు రెండు రూపాయలు. నాకు ఒక జిగ్రీ దోస్తు ఉండేవాడు. ఒకే పళ్ళెంలో తిన్నవాళ్ళం. ఆ సెలవుల్లో వాడు నాకు 340 రూపాయలు బాకీ పడ్డాడు. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అడగలేదు. అడగకపోవడమే పెద్ద గొప్ప అనుకున్నాను. కాని కొట్టివేయనూ లేదు. వాడు మెల్లగా మా గల్లీ వదిలి పక్క గల్లీలోంచి పోవడం మొదలుపెట్టాడు. తరవాత గల్ఫ్‌కు వెళ్ళిపోయాడు.

ఆరేళ్ళకు మా అబ్బాజాన్ పోయినప్పుడు పరామర్శకు వచ్చాడు. కాసేపు కూర్చున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళేటప్పుడు నా చేతిలో ఒక కవరు పెట్టాడు. లోపల 340 రూపాయలు. "ఇదేంట్రా, వద్దు" అన్నాను. "లెక్క లెక్కే భాయ్" అన్నాడు. అంతకుముందు వాడు నన్ను ఏనాడూ భాయ్ అనలేదు, ఒరే అనేవాడు. ఆ కవరు తీసుకున్నాను. తీసుకోకుండా ఉండాల్సింది. ఆ తరవాత వాడు మా ఇంటికి రాలేదు.

యువకులారా, మీకు నా సలహా చిన్నది. ఆడండి. కథలు చెప్పుకోండి. చాయ్‌కి, సమోసాలకి పైసలు కావాలంటే ఆటకు ముందే తలా కొంత వేసుకుని అందరూ సమానంగా తాగండి, తినండి. ఇవ్వలేనివాడిని అడగకండి. గెలుపుకూ ఆ పైసలకూ ముడి పెట్టకండి. తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు ఏం ఆడుతున్నారో దూరం నుంచి కేకలు వేసి అడగకండి. వెళ్ళి ఒక గంట పక్కన కూర్చోండి. నేను ఆ డబ్బా పెట్టిన రాత్రి మిద్దె ఎక్కి ఉంటే బాగుండేది, కాపీలు దిద్దుతూ కింద ఉండిపోయాను.

మా పిల్లలు ఆ 800 తిరిగి పంచేశారు. సిపాయి పిల్లవాడి 200 మా మేనల్లుడు షాపుకు తీసుకుపోయి ఇచ్చాడు. వాడు తీసుకున్నాడు గాని మళ్ళీ మిద్దె మీదికి రాలేదు. "మామూ, ఏం చెయ్యాలి?" అని మేనల్లుడు అడిగితే, "ఆట గురించి మాట్లాడకు. రోజూ షాపు మూసే వేళకు వెళ్ళి వాడితో కలిసి ఇంటిదాకా నడువు" అన్నాను. సెలవులు అయ్యేదాకా నడిచాడు. ఇప్పుడు ఇద్దరూ ఫోనులో మాట్లాడుకుంటున్నారట. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు ఈ సలహా ఇచ్చేవాళ్ళు లేరు.

 అల్లాహ్ మన పిల్లల స్నేహాలను కాపాడుగాక. ఖుదా హాఫిజ్.