కంప్యూటరు భాషకూ అక్షరాభ్యాసం కావాలి
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు పండుగ సభలో కంప్యూటరు ప్రసక్తి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నేను ఇంజనీరును కాను, బడిపంతులును. మా తాతగారి కాలంలో దేశం విడిచిన కుటుంబం మాది. నా తెలుగు ఉగ్గుపాలతో వచ్చినది కాదు. సాయంకాలపు తరగతిలో దిద్ది నేర్చుకున్నది. నా మాటల్లో పుస్తకపు వాసన ఉంటే మన్నించండి. అరవై దాటిన తరువాత, ఈ దోహాలో, మనుమడి పక్కన కూర్చుని పైథాన్ అనే ప్రోగ్రామింగు భాష మొదలుపెట్టాను. ఎందుకు మొదలుపెట్టవలసి వచ్చిందో ముందు చెబుతాను.

మా వాడికి బడిలో ప్రోగ్రాము రాసుకుని రమ్మన్నారు. కృత్రిమ మేధ యంత్రాన్ని అడిగి, అది ఇచ్చినది ఇచ్చినట్టు పట్టుకుపోయాడు. మార్కులు వచ్చాయి. ఇంటికి వచ్చాక, "ఈ పంక్తి ఎందుకు రాశావు నాయనా?" అని అడిగాను. తల దించుకున్నాడు. నాకు కోపం రాలేదు. చిన్నప్పుడు నేను కూడా అర్థం తెలియకుండా ఒక తెలుగు పద్యం సభలో అప్పజెప్పి బహుమతి పుచ్చుకున్నాను. చప్పట్లు కొట్టిన పెద్దలకు ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. ఆ సిగ్గు ఇంకా జ్ఞాపకం ఉంది.

అందుకని ఇద్దరం మొదటినుండి మొదలుపెట్టాము. జావా, సి ప్లస్ ప్లస్, పైథాన్ వంటి భాషల్లో ఆబ్జెక్టు ఓరియెంటెడ్ పద్ధతి ఉన్నది. దీనికి మూలం 1960లలో నార్వేలోని ఓస్లోలో డాల్, నీగార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు రూపొందించిన సిమ్యులా భాష. 1970లలో అమెరికాలో అలన్ కే గారి బృందం స్మాల్‌టాక్ అనే భాషను తయారుచేసి, పిల్లలచేత కూడా దానిలో పని చేయించింది. పైథాన్ 1991లో వెలువడింది. దాని కర్త గైడో వాన్ రోసమ్.

ఈ పద్ధతి పంతులుకు సులభంగానే అర్థమవుతుంది. హాజరు పట్టీ తీసుకోండి. పైన పేరు, తరగతి, వచ్చిన రోజులు అని గడులు గీసి ఉంటాయి. ఆ గడుల ఏర్పాటు 'క్లాసు'. దాని కింద ఒక్కొక్క పిల్లవాడికి రాసుకునే వరుస 'ఆబ్జెక్టు'. హాజరు వేయడం అనే పని 'మెథడ్'. ఏర్పాటు అందరికీ ఒకటే, వివరాలు ఎవరివి వారివి.

వినడానికి ఇంతే. రాయడానికి కూర్చుంటే మొదటి రోజే బోల్తాపడ్డాము. ముగ్గురు పిల్లలను సృష్టించి, ఒక అమ్మాయికి మాత్రం హాజరు వేశాము. మనుమడు అరిచాడు: "తాతయ్యా, రానివాళ్లు కూడా వచ్చినట్టు చూపిస్తోంది!" యంత్రాన్ని అడిగేద్దామన్నాడు. అరగంట ఆగమన్నాను. కాగితం మీద పట్టీ గీశాము. అప్పుడు తెలిసింది. వచ్చిన రోజుల జాబితాను మేము క్లాసులోనే ఒక్కసారి పెట్టాము. అందుచేత ముగ్గురూ ఒకే జాబితాను పంచుకున్నారు. ఒక్కొక్కరు పుట్టేటప్పుడు నడిచే 'ఇనిట్' అనే భాగంలో, 'సెల్ఫ్' అనే మాట చేర్చి జాబితా పెడితే ఎవరిది వారికి వచ్చింది. 'సెల్ఫ్' అంటే 'నా' అని ఆ రోజు వాడికి అర్థమైంది. ఆ అరగంట మేము పోగొట్టుకున్నది కాదు, సంపాదించుకున్నది.

ఇక అసలు మాటకు వస్తాను. ఈ పద్ధతిలో 'ఇన్‌హెరిటెన్స్' అని ఒకటి ఉంది. తెలుగులో వారసత్వం. 'విద్యార్థి' అనే క్లాసు సిద్ధంగా ఉంటే, 'సంగీత విద్యార్థి' అనే కొత్త క్లాసు పక్కన బ్రాకెట్లో దాని పేరు రాస్తే చాలు. తల్లి క్లాసులోని పద్ధతులన్నీ పిల్ల క్లాసుకు వచ్చేస్తాయి. ఆ పంక్తి చూసి చాలాసేపు మౌనంగా కూర్చున్నాను. మనుషుల్లో అలా రాదు గదా! ఇంటిపేరు వస్తుంది, ముక్కు తీరు వస్తుంది. భాష రాదు. మా తాతగారికి ఉన్న తెలుగు నాకు దానంతట అది రాలేదు. మా అల్లుడు, అమ్మాయి ఇద్దరూ కంప్యూటరు ఉద్యోగులే. అయినా ఆ విద్య వాళ్ల అబ్బాయికి దానంతట అది రాలేదు. రెండింటికీ చేయి తిరగాలి. చేయి తిరగాలంటే రోజూ దిద్దాలి.

దిద్దడానికి సాధనాలు ఈ ఊళ్లోనే ఉన్నాయి. ఎడ్యుకేషన్ సిటీలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం శాఖ 2004లో మొదలైంది. ఆ విశ్వవిద్యాలయంలోనే రాండీ పాష్ గారి బృందం పెంచిన 'ఆలిస్' అనే సాధనంలో బొమ్మలే ఆబ్జెక్టులు. వాటిని నడిపిస్తూ, మాట్లాడిస్తూ పిల్లలు ప్రోగ్రామింగు నేర్చుకుంటారు. కతార్ శాఖలోని ఆచార్యులు దానిని ఈ ప్రాంతపు బడిపిల్లలకు తగినట్టుగా, ఇక్కడి సంస్కృతికి చెందిన బొమ్మలతో మలిచారు. పిల్లవాడు తన చుట్టూ చూసేదానితో చదువు మొదలుపెట్టాలని వారు గ్రహించారు. మన పిల్లలకు మనం కూడా అదే చేయవచ్చు. పైథాన్‌లో 'టర్టిల్' అని గీతలు గీసే తాబేలు ఉంది. రెండు తాబేళ్లను సృష్టించి, చెరొక రంగు ఇచ్చి, సంక్రాంతి ముగ్గు వేయించండి. ఒకదాని రంగు మారిస్తే రెండోది మారదు. ఆబ్జెక్టు అంటే ఏమిటో ఏడేళ్ల పిల్లకు కూడా కనబడుతుంది.

తల్లిదండ్రులకు నా విన్నపాలు నాలుగు. రోజుకు అరగంట చాలు, కాని రోజూ ఉండాలి. నడిపించే ముందు ఏమి వస్తుందో పిల్లవాడిచేత చెప్పించండి. తప్పు చూపిన ఎర్ర అక్షరాలను తిట్టుగా కాక, పంతులు ఎర్ర సిరా గుర్తుగా చదవమనండి. యంత్రాన్ని అడగవద్దని నేను అనను. తాను ప్రయత్నించిన తరువాత అడగాలి. అది చెప్పినదాన్ని మూసిపెట్టి, మళ్లీ తన చేత్తో రాయాలి.

తాతమ్మలకు, అమ్మమ్మలకు ఒక మాట. మీకు పైథాన్ రానక్కరలేదు. పిల్లవాడి పక్కన కూర్చుని, "ఇదేమిటి నాయనా, నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. వాడు తెలుగులో మాటలు వెతుక్కుంటాడు. వెతుక్కుంటూ ప్రోగ్రామును అర్థం చేసుకుంటాడు. ఒకే అరగంటలో రెండు భాషలకూ అభ్యాసం జరుగుతుంది.

మొన్న మా మనుమడు హాజరు పట్టీ ప్రోగ్రాము పూర్తి చేసి, నా సాయంకాలపు తెలుగు తరగతికి ఇచ్చాడు. చిన్నదే. రెండు లోపాలు ఇంకా ఉన్నాయి. కాని ప్రతి పంక్తీ ఎందుకు రాశాడో చెప్పగలడు. ఈసారి వాడు తల దించుకోలేదు.