ఆరెంజ్ అలర్ట్ వస్తే ఎవరేం చేయాలి?

(సంఘం మండల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఒకపక్క యాసంగి నార్లు పోస్తున్నాం. ఇంకోపక్క వానాకాలం వడ్లు కాంటా కాక కొనుగోలు కేంద్రాల్లోనే కుప్పలుగా ఉన్నాయి. చలి పెరిగితే నారుకు దెబ్బ, మబ్బు పడితే వడ్లకు దెబ్బ. ఈ రెండింటి గురించీ వాతావరణ శాఖ ముందే చెబుతుంది. టీవీలో రంగు పేరు వినిపిస్తుంది గానీ దాని అర్థం ఎవరూ విప్పి చెప్పరు. అందుకే ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

రంగులు నాలుగు. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదని. పసుపు అంటే గమనిస్తూ ఉండండని. ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండండని. ఎరుపు అంటే వెంటనే పనిలోకి దిగమని. రంగు జిల్లా మొత్తానికి ఇస్తారు కాబట్టి, మన ఊళ్లో చినుకు పడనంత మాత్రాన హెచ్చరిక అబద్ధమైపోదు. రంగు కింద రాసే మాటలు కూడా చదవాలి. 'అక్కడక్కడ' అంటే ఆ ప్రాంతంలోని వంద వర్షమాపక కేంద్రాల్లో పాతికకు మించకుండా అని లెక్క. 'భారీ వర్షం' అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. 'అతి భారీ' అంటే 204.4 వరకు. ఆపైన పడితే 'అత్యంత భారీ'. వాళ్ల రోజు ఉదయం 8:30కి మొదలై మర్నాడు ఉదయం 8:30కి ముగుస్తుంది. మనం రాత్రికి పరదా కప్పాలా వద్దా అని చూసేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి.

భారీ వర్షం దాకా ఎందుకు, ఆరబోసిన వడ్లకు పది మిల్లీమీటర్లు చాలు. తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. తడిసిన వడ్లు రంగు మారితే మిల్లు దగ్గర తరుగు తీస్తారు. కాబట్టి వడ్లు బయట ఉన్న రైతుకు పసుపు రంగే ఆరెంజ్ అనుకోవాలి.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. తీరానికి దూరంగా ఉన్న ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లోనూ వానలు కురిశాయి. తుపాను తీరం దాటేది అక్కడే అయినా, తడిసేది మన కుప్ప కూడా. తుపానుకు కనీసం 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు వార్నింగ్ ఇవ్వాలన్నది వాతావరణ శాఖ పద్ధతి. రెండు రోజులంటే తక్కువ కాదు. కోయని వరిని కోయకుండా ఆపవచ్చు. కోసి పనల మీద ఉన్నదాన్ని కుప్ప వేయవచ్చు. అప్పటికే తడిస్తే లీటరు నీటికి 50 గ్రాముల ఉప్పు కలిపి పనల మీద చల్లితే గింజ మొలకెత్తడం తగ్గుతుంది.

ఇక చలి సంగతి. మైదాన ప్రాంతంలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు లేదా అంతకన్నా తక్కువ ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తగ్గితేనే శీతల గాలులు అంటారు. 6.4 డిగ్రీలకు మించి తగ్గితే తీవ్ర శీతల గాలులు. మామూలుగా 13 ఉండే చోట 8.5 అయితే ఆ లెక్కలోకి వస్తుంది. మామూలుగా 16 ఉండే చోట 11కి పడితే, అయిదు డిగ్రీలు తగ్గినా సరే, రాదు. కానీ 11 డిగ్రీల చలికి వరి నారు ఎర్రబడుతుంది, ఎదగదు. పైగా ఉష్ణోగ్రత కొలిచే పరికరం నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టెలో ఉంటుంది. మబ్బు లేని రాత్రి మడిలో నేల దగ్గర చలి ఇంకా ఎక్కువ. అందుకని హెచ్చరిక కోసం ఎదురు చూడకుండా కనిష్ఠ ఉష్ణోగ్రత అంకెనే చూద్దాం. సాయంత్రం నారుమడి మీద పాలిథిన్ షీట్ గానీ యూరియా సంచులు కుట్టిన పట్టా గానీ కప్పి, పొద్దున తీసేయాలి. రాత్రి చల్లబడిన నీళ్లు పొద్దున వదిలేసి బోరు నీళ్లు పెట్టాలి.

హెచ్చరిక ఏం రాబోతోందో చెబుతుంది. ఏం చేయాలో చెప్పేది వ్యవసాయ సలహా బులెటిన్. అది ప్రతి మంగళవారం, శుక్రవారం వస్తుంది. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడవచ్చు. ఊరికి ఒక్కరు చదివి గ్రూపులో పెట్టినా చాలు. అయితే ఈ సలహాను మండలం దాకా తేవడానికి కృషి విజ్ఞాన కేంద్రాల్లో పెట్టిన జిల్లా యూనిట్లను, దేశం మొత్తం మీద 199ని, కేంద్ర ప్రభుత్వం 2024లో మూసేసింది. వాతావరణం తలకిందులవుతున్న కాలంలో రైతుకు దగ్గరగా ఉన్న కొలువును ఎత్తేయడం ఏం న్యాయం? వాటిని తిరిగి తెరవాలని మనం అడుగుతూనే ఉండాలి.

చివరగా ఒక్క మాట. హెచ్చరిక రైతుకు ఎంత వర్తిస్తుందో అధికారికీ అంతే వర్తిస్తుంది. ఆరెంజ్ వచ్చిన రోజున కొనుగోలు కేంద్రంలో టార్పాలిన్లు ఉన్నాయా? తేమ సరిపోయిన వడ్లకు కాంటా పెట్టారా? తూకం వేసిన బస్తాలు లారీ ఎక్కాయా? ఇవన్నీ వాళ్ల పూచీ. 'వాన చెప్పి వస్తుందా' అని ఎవరన్నా అంటే, 'చెప్పే వచ్చింది' అని చూపించడానికి ఆ బులెటిన్ మన దగ్గర ఉండాలి. తేదీతో సహా ఫోన్‌లో దాచుకుందాం. కుప్పల ఫొటో తీసి, అదే రోజు తహసీల్దారుకు దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకుందాం. తడిసిన వడ్లు కొనాలని అడిగేటప్పుడు మన చేతిలో కాగితం ఉంటే మాటకు బలం వస్తుంది. ఈ పని ఒక్కొక్కరం విడిగా చేయలేం, సంఘంగా చేద్దాం.