నాయకత్వము – స్త్రీలు



నాయకశబ్దమును నాయికాశబ్దమును ఒక్క ‘నీ’ ధాతువునుండియే పుట్టినవి. నడిపించుట రెంటికిని అర్థము. కావ్యములందు మాత్రము నాయిక ప్రియునికై యెదురుచూచునదిగా మిగిలినది.

మన వారాసిగూడకు చేరువనే, విద్యానగరమున, దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి పేర వైద్యశాల గలదు. 1909లో రాజమహేంద్రవరమున జన్మించిన యామె, 1923 నాటి కాకినాడ కాంగ్రెసు సమయమున ఖద్దరు ప్రదర్శనశాల ద్వారముకడ బాలసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవాహర్‌లాల్ నెహ్రూగారినే యడ్డగించిరి. నియమము పెద్దలకొకటి పిన్నలకొకటి కాదని యెరుగుటయే నాయకత్వమునకు మొదటి గుణము. అట్టి యామెయే 1937లో చెన్నపురియందు ఆంధ్రమహిళాసభను స్థాపించి, 1946లో రాజ్యాంగసభ సభ్యురాలై, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి ప్రథమాధ్యక్షురాలైరి.

1992 నాటి 73వ రాజ్యాంగసవరణము పంచాయతీలందు స్త్రీలకు మూడవవంతు స్థానములకు తక్కువ గాకుండ కల్పించినది. ఐనను పెక్కుచోట్ల పీఠము భార్యది, పెత్తనము భర్తది.

మన సంఘముననో? జ్యోతి వెలిగించుటకును స్వాగతగీతమునకును స్త్రీలను పిలుతుము; జమాఖర్చులు చూచునపుడు పిలువము. ఇంటి తాళపుచెవుల నమ్మి యిచ్చినవారికి సంఘనిధి నప్పగింప నేల జంకవలెను? కార్యవర్గమున మూడవవంతు స్థానములును, సంతకముచేయు నధికారముతో గూడ కోశాధికారిపదవియు ఈయేడే వారి కీయవలెనని మేము కోరుచున్నాము. సభవారు దీనిని తీర్మానముగా గైకొందురు గాక!