నెమ్ము వ్యాధి – విత్తనమూ, నేలా



పాఠశాల వజ్రోత్సవ వేదికపై వ్యాధిని గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చు. అయితే కోలారు బంగారు గనుల ప్రాంతంలో పిల్లలను బడికి పంపిన తండ్రులలో గనిలో దిగినవారు ఎందరో. వారు ఇంటికి తెచ్చిన జీతం అందరికీ కనిపించింది. ఊపిరితిత్తులలో మోసుకొని వచ్చిన ధూళి ఎవరికీ కనిపించలేదు.

పల్లెల్లో ‘నెమ్ము చేసింది’ అని చెప్పుకొనే వ్యాధినే వైద్యులు న్యుమోనియా అంటారు. ఊపిరితిత్తులలో కోట్లాది చిన్న గాలిగదులు ఉంటాయి. వాటిలోకి గాలికి బదులు చీము, నీరు చేరినప్పుడు రక్తానికి ప్రాణవాయువు చాలదు. దీనికి కారణం సూక్ష్మజీవులు. వాటిలో న్యూమోకాకస్ అనే బాక్టీరియా ముఖ్యమైనది. ఇన్‌ఫ్లుయెంజా వంటి వైరస్‌లు, కొన్ని శిలీంధ్రాలు కూడా ఈ వ్యాధిని కలిగిస్తాయి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో మరణించినవారిలో అధికులను బలిగొన్నది ఆ జ్వరం వెంట వచ్చిన న్యుమోనియాయే.

న్యూమోకాకస్ ఆరోగ్యవంతుల ముక్కులో, గొంతులో కూడా ఏ హానీ చేయక నివసించగలదు. మరి కొందరికే వ్యాధి ఎందుకు వస్తుంది? విత్తనం ఎంతటిదైనా నేల అనుకూలిస్తేనే మొలకెత్తుతుంది. ఆ నేలను సిద్ధం చేసేవి ధూళి, పొగ, ఇరుకు, ఆకలి. ఇందుకు బంగారు గనుల చరిత్రయే సాక్ష్యం.

దక్షిణాఫ్రికాలోని రాండ్ బంగారు గనులలో ఇరవయ్యవ శతాబ్దారంభాన కార్మికులు న్యుమోనియాతో పెద్ద సంఖ్యలో మరణించేవారు. 1911లో ఆల్మ్రాత్ రైట్ అనే వైద్యుడు అచ్చట టీకా ప్రయోగాలు ఆరంభించాడు. పనామా కాలువ పనులలో ఆరోగ్యశాఖను నడిపిన విలియం గోర్గస్ 1913లో ఆ గనులను చూడ వెళ్ళాడు. ఒకే కొట్టంలో పదులకొద్దీ మనుషులను పడుకోబెట్టవద్దనీ, విడివిడి ఇండ్లు ఇవ్వవలెననీ సలహా ఇచ్చాడు. ఒకరు మందును వెదికితే, మరొకరు నివాసాన్ని మార్చమన్నారు. రెండూ నేటికీ అవసరమే.

కోలారు గనుల లైన్లలో సైతం తొలినాళ్ళలో వెదురు తట్టి ఇళ్ళలో కుటుంబాలు ఇరుకుగా బ్రదికాయి. భూగర్భంలో మరొక శత్రువు పొంచి ఉండేది. ఇచటి బంగారం పలుగురాతి పొరలలో దాగి ఉంటుంది. ఆ రాతిని తొలిచినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి గాలిగదుల దాకా చేరుతుంది. అక్కడ సూక్ష్మజీవులను మ్రింగి కాపాడే రక్షక కణాలనే అది చంపివేస్తుంది. ఊపిరితిత్తులు గట్టిపడతాయి. అదే సిలికోసిస్. దానికి పూర్తిగా నయం చేసే మందు లేదు. కాపలా తొలగిన ఇంట దొంగలు పడినట్లు, అట్టి ఊపిరితిత్తులలో క్షయ, న్యుమోనియా సులభంగా ప్రవేశిస్తాయి. 1940లో మైసూరు సంస్థానం సిలికోసిస్ నియమాలను చేసింది. ఆ దశకంలో ఏడు వేలకు పైబడిన కార్మికులను పరీక్షించగా నూటికి నలభై మందికి పైగా ఈ వ్యాధి కనబడింది.

గనులు 2001లో మూతపడ్డాయి. ధూళి మాత్రం మిగిలింది. సయనైడ్ దిబ్బల నుండి గాలికి లేచే పొడిని పసివారు, వృద్ధులు పీల్చకుండా కాపాడుకొనవలసి ఉన్నది. గనిలో పనిచేసిన పెద్దలకు దగ్గు, ఆయాసం వస్తే ‘వయసు మీరింది కదా’ అని ఊరుకొనరాదు. తాము చేసిన పనిని గూర్చి వారు వైద్యునికి తప్పక చెప్పవలెను.

కట్టెల పొయ్యి పొగ, ఇంటిలో బీడీ, సిగరెట్టు పొగ, తల్లిపాలు చాలకపోవడం, పోషకాహార లోపం, తట్టు వ్యాధి పసిపిల్లలలో ముప్పును పెంచుతాయి. పెద్దలలో మధుమేహం, పొగత్రాగుడు, మద్యపానం అట్టివే. 2019లో ప్రపంచంలో అయిదేండ్లలోపు పిల్లలు ఏడు లక్షలకు పైగా ఈ వ్యాధితో మరణించారు. న్యూమోకాకస్ టీకా 2021 నాటికి మన దేశమంతటా ఉచిత టీకాల పట్టికలో చేరింది. ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు దానిని వేయిస్తారు. తట్టు టీకా, పెంటావాలెంట్ టీకా కూడా ఈ రక్షణలో భాగమే.

చలిగాలి తగిలినందువల్లనే నెమ్ము వచ్చిందని భావించి నాటు మందులతో, వాతలతో కాలం గడిపేవారు ఇంకా ఉన్నారు. ఆ ఆలస్యమే ప్రాణాంతకం. బిడ్డకు దగ్గు, జ్వరం ఉన్నప్పుడు నెమ్మదిగా ఉన్న వేళ గడియారం చూచి ఒక పూర్తి నిమిషం శ్వాసలు లెక్కించవలెను. రెండు నెలలలోపు శిశువుకు 60, ఏడాదిలోపు బిడ్డకు 50, అయిదేండ్లలోపు బిడ్డకు 40, లేక అంతకు మించితే జాగు చేయక వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు త్రాగలేకపోయినా లెక్కతో పనిలేదు, వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను.

అరవై దాకా లెక్కించడం ఒకటవ తరగతిలోనే నేర్పుతారు. ఆ లెక్కతో ఒక తల్లి తన బిడ్డను దక్కించుకొన్న నాడు, బడి చదువుకు అంతకు మించిన ఫలం వేరే ఉండదు.