కోయి చేపలు – ఏడాది లెక్క
(సంఘ ఉగాది సభలో చేసిన ప్రసంగం)

 

ఉగాది నాడు చేపల గొడవ ఏమిటని మీరు నవ్వవచ్చు. కార్యదర్శిగారు "నీకు తెలిసిందే చెప్పవయ్యా" అన్నారు. ఖుర్దారోడ్డులో రైల్వే గుమాస్తాను. చదివినది మెట్రిక్. నాకు తెలిసినది మా క్వార్టర్సు పెరటిలోని సిమెంటు తొట్టి.

కోయి మనకు మరీ పరాయిది కాదు. మనవాళ్ళు బంగారుతీగ అనే చేపకు దగ్గర చుట్టమే. జపానులో నీగత కొండపల్లెల రైతులు తిండికోసం పెంచే చేపలలో రంగు తేలినవాటిని 19వ శతాబ్దంలో ఏరి పెంచారు. 1914లో టోక్యో ప్రదర్శనలో పెట్టాక వాటికి పేరు వచ్చింది.

మొదటి ఏడు నా ఆశయం ఒక్కటే: చూసినవారు ఔరా అనాలి. 600 లీటర్ల కొత్త తొట్టిలో ఒకేరోజు 12 పిల్లలను వదిలాను. మూడు వారాలలో 9 పోయినవి. మా అమ్మాయి అన్నిటికీ పేర్లు పెట్టుకున్నది. తొమ్మిదవ దానిని జామచెట్టు క్రింద పూడ్చి, "నాన్నా, ఇంక తేవద్దు" అన్నది.

తప్పు నాదే. చేపల మలినంవల్ల నీటిలో అమ్మోనియా చేరుతుంది. దానిని విరిచే సూక్ష్మజీవులు కొత్త తొట్టిలో కుదురుకోవడానికి నెల, నెలన్నర పడుతుంది. కుళాయినీటిలోని క్లోరిన్ మొప్పలను పాడుచేస్తుంది. ఇవేవీ తెలుసుకోక రంగులే చూశాను.

ఆ రాత్రి నోటుపుస్తకంలో రాసుకున్నాను: "మిగిలిన మూడూ వచ్చే ఉగాదికి బ్రతికి ఉండాలి. కొత్తది కొనరాదు." దానికి చేయవలసినవీ రాశాను. వారానికొకసారి ఐదోవంతు నీరు మార్చడం, ఆ నీటికి ముందుగా హైపో కలపడం, ఐదు నిమిషాలలో తినగలిగినంతే మేత వేయడం, ఆదివారం అమ్మోనియా పరీక్ష. అమ్మోనియా కనబడితే ఆ పూట మేత మాని నీరు మార్చడం.

మూడూ బ్రతికినవి. ఇది వాటికి మూడవ ఉగాది. ఇవి రెండడుగులు పెరిగే చేపలు. కనుక ఈ ఏటి గమ్యం నాలుగో చేప కాదు, పెద్ద తొట్టి.

2004 అక్టోబరులో భూకంపం వచ్చి నీగతలోని యమకోషి చెరువులు ఎన్నో పగిలినవి. మిగిలిన చేపలలో కొన్నిటిని హెలికాప్టర్లలో తరలించి, వాటితోనే మళ్ళీ మొదలుపెట్టారు. ఆ సంగతి చదివినప్పుడు నా మూడు చేపలే గుర్తుకు వచ్చినవి.

మీరందరూ చేపలు పెంచమని కాదు. ఏడాది తిరిగాక లెక్క చూపగలిగిన పని ఒక్కటి ఈవేళ రాసుకొండి. మా నోటుపుస్తకం ఇప్పుడు మా అమ్మాయే రాస్తున్నది. సెలవు.