డబ్బా మీద చదవండి



ఈరోజు ఆయుర్వేదం గురించి మాట్లాడుకుందాం. ఆయువు అంటే బతుకు. వేదం అంటే తెలివిడి. బతుకును కాపాడుకునే తెలివిడే ఆయుర్వేదం. ఇది మన దేశంలో పుట్టిన పాత వైద్యం. చరకుడు, సుశ్రుతుడు దీనికి పెద్ద గురువులు.

ఒంట్లో వాతం, పిత్తం, కఫం ఉంటాయని ఈ వైద్యం చెబుతుంది. మూడూ సమంగా ఉంటే ఆరోగ్యం. లేకుంటే జబ్బు. అందుకే వైద్యుడు నాడి చూస్తాడు. తిండి, నిద్ర గురించి అడుగుతాడు. మందుతోపాటు పథ్యం చెబుతాడు.

శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిస్తే త్రికటుకం. కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిస్తే త్రిఫల. ఇవి మనకు తెలిసినవే.

అయితే "ఆకు మందే కదా, ఏం కాదులే" అనుకోవద్దు. కొన్ని మందుల్లో పాదరసం, సీసం వాడతారు. అవి ఒంట్లో చేరితే మూత్రపిండాలు, మెదడు చెడిపోవచ్చు. కడుపులో బిడ్డకూ ముప్పే. సంతలో అమ్మే పేరులేని పొడి కొనకండి. ఇప్పుడు మనకు చదువు వచ్చు కదా! డబ్బా మీద లైసెన్సు నంబరు, గడువు తేదీ చదవండి. వైద్యుడి బోర్డు మీద బి.ఏ.ఎం.ఎస్. ఉందా చూడండి. అది ఐదున్నరేళ్ల చదువు.

పాము కరిస్తే ఆకు పసరు పోస్తూ కూర్చోకండి. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. బిడ్డకు విరేచనాలైతే ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగిస్తూ తీసుకెళ్లండి. బీపీ, షుగరు బిళ్లలు మీ అంతట మీరు మానకండి.

పాత వైద్యాన్ని గౌరవిద్దాం. కళ్లు మూసుకుని కాదు, చదివి, అడిగి వాడుకుందాం.