పాటల్లో శృంగారం – నాడు, నేడు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ మీడియం బడిలో పాఠాలు చెప్పుకొని బతికే వాళ్లం. మా ఉర్దూలో చిత్తూరు జిల్లా యాస, మా తెలుగులో ఉర్దూ వాసన రెండూ ఉంటాయి. పెద్దలు సర్దుకొని వినవలెనని మనవి. "మాస్టర్ సాబ్, ఈ యేడు సినిమా పాటల్లో బూతు గురించి నాలుగు మాటలు చెప్పండి" అని కార్యదర్శి గారు అడిగారు. ఇది నవ్వుకొని వదిలేసే సంగతి కాదు. మన ఇళ్లల్లో పెళ్లి జరిగినా, బడిలో వార్షికోత్సవం జరిగినా ఈ పాటల గొడవ ఏదో ఒక రూపంలో వస్తూనే ఉంది. ఆ గొడవలో చివరికి నష్టపోయేది ఎవరో కూడా ఆలోచించాలి.

"మా కాలంలో పాటలు పవిత్రంగా ఉండేవి, ఇప్పుడు చెడిపోయాయి" అని పెద్దలంటారు. ఈ మాట సగమే నిజం. శృంగారం పాటలోకి నిన్న మొన్న వచ్చింది కాదు. మన తిరుపతి సంగతే తీసుకోండి. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు రాగి రేకుల మీద చెక్కి తిరుమల గుడిలో ఒక అరలో భద్రపరిచారు. అవి 1922లో బయటపడ్డాయి. దొరికిన సంకీర్తనల్లో ఎక్కువ భాగం శృంగార సంకీర్తనలే. అలమేలు మంగమ్మ అలక, విరహం, కలయిక అన్నీ వాటిలో దాపరికం లేకుండా ఉన్నాయి. వాటిని పరిష్కరించిన వేటూరి ప్రభాకరశాస్త్రి గారు, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు మహాపండితులు. వారు సిగ్గుపడి ఆ రేకులను పక్కన పెట్టలేదు. మనది వేరే మతమైనా ఈ ఊరి వాళ్లంగా ఈ చరిత్ర మనకూ తెలిసి ఉండాలి.

17వ శతాబ్దపు క్షేత్రయ్య పదాలూ అంతే. ఆయన తంజావూరు కొలువులోనే గాక గోల్కొండ పాదుషా కొలువులో కూడా పదాలు పాడి మెప్పు పొందాడని చెబుతారు. ఆ పదాల్లో మాట్లాడేది చాలాచోట్ల స్త్రీయే. ఆమె అడుగుతుంది, దెప్పుతుంది, బేరమాడుతుంది, "రావద్దు పో" అంటుంది. మన ఉర్దూ వైపు చూస్తే బీజాపూరు కవి హాష్మీ అదే 17వ శతాబ్దంలో దక్కనీలో స్త్రీ గొంతుతో శృంగార గజళ్లు రాశాడు. తరవాత ఉత్తరాదిన రంగీన్, ఇన్షా లాంటి కవులు "రేఖ్తీ" పేరుతో అదే పని చేశారు. అంటే ఈ విషయంలో హిందువులు, ముస్లిములు అని ఒకరినొకరు వేలెత్తి చూపుకొనే పని లేదు.

ఇక నిషేధాల కథ. 18వ శతాబ్దంలో తంజావూరు ప్రతాపసింహుని కొలువులో ముద్దుపళని అనే విదుషీమణి "రాధికా సాంత్వనము" రాసింది. ఈ కావ్యంలో బూతులున్నాయని కందుకూరి వీరేశలింగం పంతులు గారు దుయ్యబట్టారు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ గారు దాన్ని సరైన ప్రతి చూసి వావిళ్ల వారి చేత మళ్లీ అచ్చు వేయించారు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి మందిరం కట్టించిన పుణ్యాత్మురాలు ఈమే. పంతులు గారికి ఆమె వేసిన ప్రశ్న చాలా సూటియైనది. మగవాళ్లు రాసిన కావ్యాల్లో ఇంతకన్నా పచ్చిగా ఉన్నా మెచ్చుకొని, ఆడది రాస్తేనే సిగ్గు ఎందుకు గుర్తొచ్చింది అని. 1911లో తెల్లదొరల ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారి మంత్రివర్గ కాలంలో 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. ఈ ముప్పై ఆరేళ్లలో బూతు తగ్గిందా? లేదు. ఒక ఆడమనిషి రాసిన పుస్తకం మాత్రం అటకెక్కింది.

రెండో నిషేధం రేడియోది. 1952లో కేంద్ర సమాచార మంత్రి బి.వి.కేస్కర్ గారు సినిమా పాటల స్థాయి దిగజారిందని వాటికి అడ్డుకట్ట వేశారు. ఆలిండియా రేడియోలో సినిమా పాట వినడమే కరువైంది. మరి జనం ఏం చేశారు? ముల్లు తిప్పి రేడియో సిలోన్ పట్టుకొన్నారు! బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ గారి "బెహనో ఔర్ భాయియో" ఇంటింటి మాటలయ్యాయి. చివరికి 1957 అక్టోబరులో మన ప్రభుత్వమే వివిధ భారతి ప్రారంభించి సినిమా పాటలకు చోటిచ్చింది. నిషేధంతో పాట ఆగదని అప్పుడే తేలిపోయింది. అమెరికాలో కూడా 1985లో తల్లులు కొందరు ఆందోళన చేస్తే రికార్డుల మీద "తల్లిదండ్రులకు హెచ్చరిక" అనే చీటీ అంటించడం మొదలైంది. ఆ చీటీ ఉన్న రికార్డునే కుర్రవాళ్లు ఎగబడి కొన్నారని అక్కడ చెప్పుకొంటారు.

అయితే పాతకాలానికీ, ఇప్పటికీ తేడా లేదా? ఉంది. మాకు తోచినంతలో రెండు తేడాలున్నాయి.

మొదటిది, వెనుకటి శృంగార పాటకు ఒక చోటు, ఒక వేళ ఉండేవి. క్షేత్రయ్య పదం కొలువులో, తెలిసినవారి ముందు. తిరుపతి గంగమ్మ జాతరలో వేషాలు కట్టి బూతులు తిట్టడం ఆచారం. అది ఆ వారం రోజులకే. జాతర ముగిసిన మర్నాడు అదే మాట బజారులో అంటే ఎవరూ ఊరుకోరు. మన పెళ్లిళ్లల్లో సాంచక్, మెహందీ రాత్రుల్లో మన నానీమాలు, ఖాలాలు ఢోలక్ ముందేసుకొని పాడిన పాటలు మనం ఎరగనివా? సమ్‌ధన్‌ను ఎంతలేసి మాటలన్నారు! దుల్హాను, వాళ్ల అక్కచెల్లెళ్లను ఎంత ఆట పట్టించారు! తెలుగువాళ్ల వియ్యాలవారి పాటలూ ఇలాంటివే. కానీ అది ఆడవాళ్లు ఆడవాళ్ల మధ్య కూర్చొని, తలుపు దగ్గరికేసుకొని, తెలిసిన మనిషి పేరు పెట్టి చేసిన పరాచికం. పడిన సమ్‌ధన్ కూడా ఊరుకోదు, ఇంకో పాటతో బదులిస్తుంది. ఇప్పుడు డి.జె. పెట్టెలు అట్లా కావు. రెండు వీధుల అవతల పాలు తాగే బిడ్డ దాకా వినిపిస్తాయి. సెల్‌ఫోను వచ్చాక వేళ కూడా లేదు. సినిమాను సెన్సారు వారు చూసి "పెద్దలకు మాత్రమే" అని రాయగలరు. యూట్యూబులో ముందే వదిలే పాటకు ఆ అడ్డం కూడా లేదు.

రెండో తేడా ఇంకా ముఖ్యమైనది. ఆ పాటలో ఆడది ఎవరు? ముద్దుపళని రాధ ఒక మనిషి. ఆమెకు కోపం ఉంది, అభిమానం ఉంది. క్షేత్రయ్య నాయికకు నోరుంది. ఇప్పటి ప్రత్యేక గీతాలు చాలావాటిలో ఆమెను సరుకులాగా, తినుబండారంలాగా చూపుతున్నారు. పాట పాడేది ఆడగొంతే అయినా మాట రాసింది, స్టెప్పు వేయించింది, కెమెరా పట్టింది ఎక్కువగా మగవాళ్లే. కథకూ ఆమెకూ సంబంధం ఉండదు. పాట అయిపోగానే ఆమె మాయమైపోతుంది. మాట ఎంత పచ్చిగా ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, మనిషిని మనిషిగా ఉంచిందా లేదా అన్నదే కొలత కావాలి.

రాసేవాళ్లకు చేతగాక ఇట్లా రాస్తున్నారనుకోవడం పొరపాటు. పైన చెప్పిన ప్రభాకరశాస్త్రి గారి వంశంలోనే పుట్టిన వేటూరి సుందరరామమూర్తి గారు 1977లో "అడవి రాముడు"కు ఊపేసే పాటలు రాసి మెప్పూ, తిట్లూ రెండూ తిన్నారు. 1980లో వచ్చిన "శంకరాభరణం" పాటలు రాసిందీ ఆయనే. "మాతృదేవోభవ" (1993) పాటకు జాతీయ బహుమతి అందుకొన్నదీ ఆయనే. మన శేషాచలం కొండల కథతో, మన చిత్తూరు యాసతో 2021లో వచ్చిన "పుష్ప"లో దేశమంతా మోగిన ప్రత్యేక గీతం చంద్రబోస్ గారిది. ఆ పాట ఆడవాళ్ల మీద పడే మగచూపునే ఎత్తి పొడిచింది. దాంతో మగవాళ్లను కించపరిచారని ఒక పురుషుల సంఘం అభ్యంతరం లేవదీసింది! అన్ని వేల పాటలు ఆడవాళ్లను కించపరిచినప్పుడు ఈ రోషం ఎక్కడికి పోయిందో! తరవాత 2023లో చంద్రబోస్ గారు ఆస్కారు బహుమతి అందుకొన్నారు. కలం ఒకటే. అడిగేవాళ్లు ఏం అడిగితే అది రాస్తుంది. అడిగేవాళ్లంటే నిర్మాతలు ఒక్కరే కాదు. టికెట్టు కొని ఈల వేసే మనం కూడా.

జనం నోరు తెరిస్తే పని జరుగుతుందని కూడా చూశాం. 2025 జనవరిలో "డాకు మహారాజ్" సినిమా పాటలోని స్టెప్పుల మీద పెద్ద రగడ అయింది. అదే మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్, స్త్రీలను కించపరిచే స్టెప్పులు మానుకోవాలని సినిమావాళ్లకు సూచన పంపింది. ఆ నెలలోనే విడుదలైన "రాబిన్‌హుడ్" సినిమా పాటలో విమర్శలు వచ్చిన స్టెప్పును థియేటరు ప్రతిలో తీసేశారు. చట్టం ఎప్పటినుంచో ఉంది. బహిరంగ స్థలంలో ఇతరులకు ఇబ్బంది కలిగేలా బూతు పాట పాడితే 1860 నాటి శిక్షాస్మృతిలో 294వ సెక్షను, 2024 జులై నుంచి అమలైన న్యాయ సంహితలో 296వ సెక్షను ప్రకారం మూడు నెలల దాకా శిక్ష పడవచ్చు. కానీ మన ఇంటి పెళ్లి ఊరేగింపు మీద మనమే పోలీసు స్టేషనుకు పోతామా? పోము. కాబట్టి ఈ పని మనమే చక్కబెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు బాధ చెబుతాము. వార్షికోత్సవాల్లో ఆరేడేళ్ల ఆడపిల్లల చేత ఈ పాటలకు డాన్సు చేయిస్తున్నారు. నడుము తిప్పితే పెద్దలు చప్పట్లు కొడుతున్నారు. ఆ బిడ్డకు మాట అర్థం తెలియదు, చప్పట్ల అర్థం మాత్రం తెలుస్తుంది. ఇది చూసి కొందరు తండ్రులు ఏం చేస్తున్నారు? పాటను మాన్పించడం లేదు, బిడ్డను బడి మాన్పిస్తున్నారు. "ఆ బడిలో డాన్సులు నేర్పుతారు, ఏడో తరగతితో చాలు" అంటున్నారు. పాట రాసింది ఎవరో, పాడించింది ఎవరో, పెట్టె అద్దెకు తెచ్చింది ఎవరో. చదువు పోగొట్టుకొనేది మాత్రం ఆ పిల్ల! ఆమె అన్న అదే పాటను సెల్‌ఫోనులో రాత్రి పన్నెండు దాకా వింటాడు, వాడి చదువు మాత్రం ఆగదు. ఇది ఏ ఇన్సాఫ్? నాగరత్నమ్మ గారు వేసిన ప్రశ్న మన ఇంటి గడపలో కూడా నిలబడి ఉంది.

మేము పనిచేసే చోట ఒకసారి వార్షికోత్సవానికి పాటలు ఎంచే సమావేశంలో ఒక చిన్న ఉపాయం చేశాం. తల్లిదండ్రులు అడిగిన పాటలను కాగితం మీద రాయించి, రాగం, తాళం లేకుండా ఉత్త మాటలుగా పైకి చదవమన్నాం. ఒక పెద్దమనిషి రెండో పాదం దాకా చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకొన్నారు. మేము ఎవరినీ ఏమీ అనలేదు. ఆ యేడు పాటల జాబితా పది నిమిషాల్లో తేలిపోయింది. పిల్లలు హాయిగా ఆడారు, పాడారు. ఒక్క ఆడపిల్లను కూడా ఇంటికి పంపలేదు.

అందుచేత సొసైటీ ముందు మూడు మాటలు మనవి చేస్తున్నాము.

ఒకటి: బడి కార్యక్రమమైనా, పెళ్లి అయినా నలుగురి మధ్య పెట్టే పాటను ముందు రాగం లేకుండా చదివి చూడండి. అమ్మ ముందు, చెల్లెలి ముందు చదవలేనిది పెట్టె మీద మోగించవద్దు.

రెండు: మన పెళ్లిళ్లల్లోకి ఢోలక్‌ను మళ్లీ తెచ్చుకొందాం. ఆ పాటలు వచ్చిన పెద్దమ్మలు మనలో ఇంకా కొందరున్నారు. వాళ్ల దగ్గర కూర్చొని ఆ పాటలు రాసుకొనే పని మన ఆడపిల్లలకు అప్పజెప్పుదాం. సొసైటీ ఆ నోటు పుస్తకాలను భద్రపరచాలి. పరాచికం పోనక్కరలేదు, ఎకసక్కెం పోనక్కరలేదు. అవి లేని పెళ్లి ఉప్పు లేని బిర్యానీ!

మూడు: పాట పేరు చెప్పి ఏ ఆడపిల్ల చదువూ ఆపగూడదు. అట్లా ఆపే ఇల్లు మన మధ్య ఉంటే, సొసైటీ పెద్దలు ఇద్దరు పోయి ఆ తండ్రితో మాట్లాడి రావాలి.

మౌలానా హాలీ 1879లో ముసద్దస్ రాసినప్పుడు, 1893లో కవిత్వం మీద తన ముఖద్దమా రాసినప్పుడు, ఆనాటి ఉర్దూ కవిత్వం చెడిపోయిన తీరును కడిగి పెట్టాడు. కానీ కవిత్వమే వద్దని ఆయన అనలేదు. మంచి కవిత్వం ఎట్లా ఉండాలో వివరించాడు, తానే రాసి చూపాడు కూడా. మనం కూడా పాట వద్దనటం లేదు. పాటను మనిషికి తగినట్టు ఎంచుకొందామంటున్నాం. ఈ మూడు మాటల్లో కనీసం మూడోదాన్నయినా ఈ సభ తీర్మానంగా రాసుకోవాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాము.